కరణములు, కవిలెలు, కైఫియత్తులు

ఆంధ్రదేశమున గ్రామచరిత్రలు వ్రాయఁబూనినవారికి కైఫియత్తులు ప్రధానాధారములు. కర్నలు కాలిన్ మెకంజీ (1754–1821) ఆజ్ఞచేఁ గావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులును, వారి యనుచరులును ఊరూరఁ దిరిగి, గ్రామకరణములయొద్ద నున్న కవిలెకట్టలను విప్పించి, వానిలోని సంగతులను వ్రాయించి తెచ్చిరి. పిమ్మటఁ జార్లెసు ఫిలిప్పు బ్రౌను చెడిపోవుచున్న యా వ్రాతలకుఁ బ్రతులు చేయించి నిలిపెను. వీరి శ్రమ లేకున్నచో నేఁడు మన గ్రామములలోఁ బెక్కింటికి పేరు దప్పఁ జరిత్ర యుండెడిది కాదు.

కొన్నినెలలక్రింద నొక విద్వద్గోష్ఠిలో నొకమిత్రులు గ్రామకైఫియత్తునుండి యొక దానకథను జదివి వినిపించి, "కరణముగారు కవిలెలో వ్రాసికొన్నది కల్ల యగునా?" యని ప్రశ్నించిరి. అప్పుడు నాకు వెంటనే బదులు తోఁచలేదు. కవిలె వ్రాసిన చేతికి వేఱొక పనియుఁ గలదు. ప్రభుత్వమునకుఁ జెల్లవలసిన శిస్తులెక్కను వ్రాసినదియు నా చేయియే. ఆ లెక్కలలో నేమి జరిగినదో 1845–46 సంవత్సరములలో గుంటూరున జరిగిన విచారణ బయటఁబెట్టినది. ఒక్కచేతివ్రాతలో లెక్క యబద్ధమును గవిలె నిజమును నగుట యెట్లు? ఈ ప్రశ్నకు నాకుఁ దోఁచిన సమాధానమును విద్వాంసుల యెదుట నుంచుచున్నాను.

ముందుగాఁ బేరునుగూర్చి యొకమాట. కరణశబ్దము కృఞ్ధాతువునకు ల్యుట్ప్రత్యయము చేరఁగా నేర్పడినది. ఈ ప్రత్యయము భావమందును, గరణమందును, అధికరణమందును విహితము. కావునఁ గరణ మనఁగాఁ జేయుట యనియు, జేయుటకు సాధన మనియు, జేయుచో టనియు మూఁడర్థములు సిద్ధించును. శాసనములలోఁ గానవచ్చు శ్రీకరణశబ్దమునకు లెక్కలచావడి యను మూఁడవ యర్థము చక్కఁగాఁ బొసఁగును. గ్రామకరణమునకు రెండవ యర్థమే తగును. క్రియాసిద్ధియందు మిక్కిలి యుపకరించు సాధనము కరణ మనియు, స్వతంత్రుఁడైనవాఁడు కర్త యనియుఁ బాణిని నిర్ణయించెను. రాజు పన్నుగొనువాఁడు, అతఁడు కర్త. పన్నుగొనుటలో నతనికి మిక్కిలి యుపకరించువాఁడు కరణము. అయినను వక్త యిచ్ఛనుబట్టి కరణమునే కర్తగాఁ జెప్పుటయు శబ్దశాస్త్రమున సమ్మతమే. కత్తి చక్కఁగాఁ గోయుచున్న దన్నప్పుడు కోయువానిని మఱచి కత్తికే స్వాతంత్ర్యము నారోపింతుము. గుంటూరుసీమలో నీ వివక్ష నేలమీఁదనే జరిగినది.

గ్రామమున నుద్యోగులు పలువురు. పెద్దకాఁపు లేక మునసబు పన్ను వసూలుచేయును. తలారి కావలి గాచును. నీరుకట్టువాఁడు కాలువనీరు పంచును. వెట్టివాఁడు కబురు మోయును. వీరందఱలో వ్రాయువాఁడు కరణ మొక్కఁడే. పొలము పేరు, దాని కొలఁత, సాగుచేయువాని పేరు, పండినపంట, కట్టినశిస్తు, నిలిచినబాకీ, మాన్యములవివరము అన్నియు నతని దస్త్రమునఁ దప్ప మఱియెచ్చటను లేవు. తాలూకాకచ్చేరి యాతని వ్రాతను జూచి కూడును. జిల్లాకచ్చేరి యా కూడికను మరలఁ గూడును. పైవారెవ్వరును బొలముగట్టున నిలిచి చూచినవారు కారు.

ప్రభుత్వధనము గ్రామమున నేలయందును, గళ్లమునందును, జెఱువునందును నుండును. ఈ మూఁడుచోట్లను నది దారి తప్పుటకు వీలుగలదు. సాగగుచున్న చేను నొకదానిని బంజరని వ్రాసినచో దానికి శిస్తు లేదు. పంటలోఁ గొంతపాలు వ్రాసినవానికి ముట్టును. దేవబ్రాహ్మణమాన్యములును, బనివాండ్ర మాన్యములును శిస్తునుండి తప్పించఁబడినవి గదా. ఈ సీమలో నేలను గుచ్చెళ్లలెక్కను గొలుచుచుండిరి. రెండుకుచ్చెళ్ల మాన్యము కొన్నియేండ్లకు మూఁడుకుచ్చె ళ్లగును. హద్దురాయి కదలనక్కఱలేదు, ఒక యంకె కదలినఁ జాలును. మాన్యదారుఁడు కాలముచేసి సంతతి లేకపోయినను నతని పేరు మాత్రము లెక్కలో బ్రతికియుండును. ఆ ఫల మనుభవించువాఁడు వేఱొకఁడు.

పంటనే పాలుపంచుకొను అమానీపద్ధతిలోఁ గళ్లమునఁ గుప్పకు ముద్రవేసి కావలి యుంచుదురు. కొలుచుటకు ముందే పంట యింత యని యంచనా వేయువాఁ డొకఁడు, దానిని వ్రాయువాఁ డొకఁడు. ఈ యిరువురు నేకమైనచో ముద్ర చెడకయే ధాన్యము తఱుగును. రూకలు చెల్లించు పద్ధతిలో వేఱొక తెఱఁగు గలదు. గుంటూరుసీమలో వీసబడి యను నాచార ముండెను. ఊరిమీఁదఁ బడిన మొత్తమును బదునాఱు వీసములుగా భావించి, పెద్దరైతులు తమలోఁ దాము పంచుకొని, క్రిందివారికిఁ బంచిపెట్టుదురు. చూచుట కిది గ్రామస్వాతంత్ర్యమువలెఁ గానవచ్చును. పంచువారు బలవంతులు, వ్రాయువాఁడు వారి చెలికాఁడు. ఇఁక దుర్బలుని వీసము బరువగుటలో వింతయేమున్నది? దీనికిఁ దోడు గ్రామఖర్చు. వచ్చిన యుద్యోగులకు భోజనము, బంట్రోతులకు బత్తెము, ఉత్సవములకుఁ జందా, ఇట్టివానిపేరిట శిస్తుపైఁ గొంత చేర్చి వసూలుచేయుదురు. నిజముగా నైన ఖర్చెంత, వ్రాసిన ఖర్చెంత యని యడుగువాఁడు గ్రామమున నుండఁడు.

చెఱువు సంగతి మఱింత శోచనీయము. చెఱువు త్రవ్వించినవారికిని, దానిని మరమ్మతు చేయుచుండవలసినవారికిని దశబంధ మను పేరఁ గొంతనేల నిచ్చుట మన దేశమునఁ బ్రాచీనాచారము. పేరునుబట్టియే పదియవపాలు దానికి మూలమని తెలియుచున్నది. కట్ట చక్కఁబెట్టుట యీ యినామునకు నియమము. నేల తాత తండ్రులనుండి వచ్చుచున్నది గనుక నది తమ సొత్తే యని వంశజులు తలఁతురు. తూము పూడినచోఁ బ్రభుత్వము చూచుకొనవలెనందురు. నియమము పోయి నేల మిగులును. ఇందు దొంగతన మేమియుఁ గానరాదు. అయినను చెఱువు క్రింది రైతు నీరులేక చెడును.

ఇచట న్యాయముగా నొకమాట చెప్పవలయును. దాఁచినచే నంతయుఁ గరణముల కడుపునకే పోయిన దనరాదు. పాలకులు పంటలో సగమును, ఒక్కొక్కప్పు డంతకు మించియు నడుగుచుండిన దినములలో లెక్కకు రాని నేలయే గ్రామమునకు గాదె. అందుచేతనే గ్రామము తన కరణముపైఁ బైవారికిఁ జాడి చెప్పదు. మునసబు, పెద్దరైతులు, కరణము నొకకట్టుగా నిలిచి పైనుండి వచ్చు బరువును దట్టుకొనిరి. ఈ కథను మెచ్చుకొనువారుఁ గలరు. నాకును గొంతవఱకు సమ్మతమే. కాని దాఁచినదానిలోఁ గూలివానికిని, జిన్నరైతునకును జేరిన దెంత యని యడిగినచో నా మెచ్చుకోలు సన్నగిల్లును. సుమతీశతకమునఁ గరణములనుగూర్చిన పద్యములు వాడుకలోని నింద నెఱిఁగి చెప్పినవే గదా.

ఈ రోగ మాంగ్లేయులతో వచ్చినది కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమును మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు గుర్తించి 1909లో నచ్చొత్తించిరి. అందు రాజధనమును నధికారు లపహరించు తెఱఁగులు నలువదియని లెక్కింపఁబడినవి. వచ్చినదానిని రాలేదని వ్రాయుట, ఒకనివలన వచ్చినదానిని వేఱొకనిపేర వ్రాయుట మొదలగునవి చూచినచో నా పట్టికలోఁ జాలభాగము వ్రాతవలన జరుగున దని తెలియును. దానికిఁ గౌటిల్యుఁడు చెప్పిన ప్రతిక్రియలలో నొకటి ముఖ్యము: అధికారస్థానమునఁ బలువురను నియమింపవలయును, వారిని శాశ్వతముగా నుంపరాదు. మన కరణీకము ఈ రెండింటికిని విపరీతము. వ్రాయువాఁ డొక్కఁడు, అతని పదవి వంశపారంపర్యము.

దీనికి భిన్నమైన యేర్పాటును జూడఁగోరువారు దక్షిణమునఁ దొండైమండలములోని యుత్తరమేరూరి శాసనములను బరిశీలింపవలయును. అవి పరాంతకచోళుని పండ్రెండవ, పదునాలుగవ పాలనవర్షములవి. అనఁగా 919, 921 సంవత్సరములవి. ఆ బ్రాహ్మణగ్రామసభ ముప్పది కుడుంబులుగా విభక్తమైనది. చెఱువు, తోఁటలు మున్నగువానికి వేఱువేఱు సంఘములు గలవు. అర్హులపేళ్లు తాటాకుల వ్రాసి కడవలో వేసి, పసివానిచేఁ దీయింతురు. ఎవరు తగరో చెప్పునప్పు డా శాసనము మిక్కిలి నిష్ఠురముగా మాటలాడును. పూర్వము సంఘమున నుండి లెక్క చెప్పనివాఁడు తగఁడు. వాఁడొక్కఁడే కాఁడు, వాని తండ్రియు, దనయులును, దోఁబుట్టువులును, మేనమామయు, బావమఱఁదియు, మేనయత్తకొడుకులును దగరు. చుట్టఱికముల పట్టిక చదువుచుండఁగా శాసనము వ్రాసినవారు లోకమును బాగుగ నెఱిఁగినవా రని తోఁచును. దాఁచినసొమ్ము చుట్టములయింటికిఁ జేరునని వారికిఁ దెలియును. లెక్క వ్రాయువానికి వేఱొక నియమము: తాను వ్రాసినలెక్కను దానే యొప్పగింపవలయును, ఒకనిలెక్కను ముగించుటకు వేఱొకఁడు ప్రవేశింపరాదు, ఒప్పగింపనివానికి మరల నా పని లేదు. ఈ సభ నేలయు, వేదాధ్యయనమును గలవారి సభయే గాని యూరి వారందఱిది కాదనుట మఱువరాదు. అయినను లెక్క వ్రాయువాఁడు సభకు లోఁబడినవాఁడు. గుంటూరుసీమలో సభ లేదు, కరణము కలఁడు.

గుంటూరుసర్కారు 1788లో నీస్టిండియాకంపెనీవారి చేతికి వచ్చినది. 1802లో శాశ్వతపైసలా జరిగి, వాసిరెడ్డివారు మొదలగు జమీందారులకు శిస్తు స్థిరపఱుపఁబడెను. ఆ సంవత్సరముననే చేయఁబడిన 29వ రెగ్యులేషను కరణములనుగూర్చినది. దాని యుద్దేశము మంచిదే: జమీందారు రైతును బీడింపకుండఁ గరణము నిజమైన లెక్క లుంచవలయును. అందులకై పదవి వంశక్రమముగా వచ్చు ననియు, న్యాయస్థానపుఁ దీర్పు లేక కరణమును దొలఁగింపరా దనియు విధించిరి. జమీందారునుండి స్వాతంత్ర్యము లభించెను. ఎవనినుండి స్వాతంత్ర్యము లభించునో వానికి భయపడనక్కఱ లేదు; లెక్క యెవనికిఁ జెప్పవలయునో వాఁడు దూరమున నున్నాఁడు. స్వతంత్రుఁడు కర్త యనిన పాణినిమాట నిచటఁ దలఁచుకొనక తప్పదు.

కంపెనీవారికి మొదటియెదురుదెబ్బ మన సీమలోఁ గాదు, కోయంబత్తూరులోఁ దగిలినది. అచటి జిల్లా కోశాధికారి కాశిసెట్టి యుద్యోగులను దనవశముచేసికొని ప్రభుత్వధనముతోను, నధికారబలముతోను సొంతవ్యాపారము సాగించె నని 1816లోఁ దేలెను. ఆ విచారణలోఁ బాల్గొన్నవాఁడు తామసు మన్రో. అతఁడు మద్రాసు గవర్నరుగా నుండఁగా 1822లో 9వ రెగ్యులేషను వచ్చెను. రెవిన్యూయుద్యోగుల లంచములను, నపహరణములను గలెక్టరులే విచారించుట కది యధికార మిచ్చెను. చట్టము కలఁడు కలఁ డన్నట్లు గ్రంథమున నుండఁగా గుంటూరున నేమి జరిగినది?

గుంటూరు హుజూరుకచ్చేరిలో దేశస్థమరాఠీకుటుంబములు ప్రబలినవి. శిరస్తదారు మొదలుకొని గుమాస్తావఱకుఁ జుట్టములే చుట్టములను దెచ్చి నిలుపుకొనిరి. ఉత్తరమేరూరి శాసనము వల దన్న బంధుపట్టిక యంతయు నిచట నియామకపట్టిక యైనది. కలెక్టరులు వచ్చుచుఁ బోవుచుండిరి, శిరస్తదారులు నిలిచియుండిరి. గ్రామమున దాఁచినదానిలోఁ బాలు తాలూకాకుఁ జేరును. తాలూకాలోఁ జేరినదానిలోఁ బాలు హుజూరునకుఁ జేరును. కలెక్టరు బల్లమీఁదికి వచ్చులెక్క మూఁడు వడపోఁతలు గడచినది గనుక మిక్కిలి శుభ్రముగా నుండును.

ఇట్టి స్థితిలో నందననామసంవత్సరము వచ్చినది. 1832–33 నాఁటి యా కఱవును గుంటూరుసీమ నేఁటికిని నందనకఱవని చెప్పుకొనును. జిల్లాజనములో సుమారు మూఁడవవంతు నశించె నని యానాఁటి లెక్కలనుబట్టి చెప్పుదురు. ఇట్టి సమయమున శిస్తులో వజా యిచ్చుట ప్రభుత్వధర్మము. ఏ చేను పండలేదో, యెవఁడు చెడినాఁడో, యెవనికి వజా చెల్లవలెనో చెప్పువాఁ డెవఁడు? మరలఁ గరణమే. మంచియేఁట నొక యంకె కదలినఁ బ్రభుత్వమునకు నష్టము. చెడ్డయేఁట నదే యంకె కదలిన నొకకుటుంబ మూరు విడుచును. మా ప్రాంతపు ముసలివారు తమ పెద్దలనుండి విని నందనకఱవు మాటలు చెప్పునపుడు వానలేమిని మాత్రమే చెప్పుదురు. వజాలెక్కలమాట యెవరును జెప్పఁగా నేను వినలేదు. కథలు చెప్పుటకు మిగిలినవారు వజా ముట్టినవా రగుటచేతనేమో!

కఱవు తరువాత జమీందారులు బాకీలలో మునిఁగిరి; వారి సీమలు ప్రభుత్వనిర్వహణములోనికి వచ్చినవి; అయినను నాదాయము కోలుకొనలేదు. కారణము తెలిసికొనుటకు 1845లో వాల్టరు ఎల్లియట్టు నియుక్తుఁ డయ్యెను. 1846లో నతఁ డిచ్చిన నివేదిక గ్రామమునుండి హుజూరువఱకు నొకదానితో నొకటి పెనవైచికొన్న కుట్రను వివరించినది. 1965లో రాబర్టు ఎరిక్ ఫ్రైకెన్‌బర్గు 1788–1848 నడుమ నీ జిల్లాచరిత్రను గ్రంథముగా వెలయించి, యధికారమును లోపలినుండి దొలిచిన యీ పలుకుబడిని జెదలతోఁ బోల్చెను. దూలము పైకి దూలముగానే యుండును. ఎల్లియట్టు తరువాతఁ గొంద ఱుద్యోగములు గోల్పోయిరి. కచ్చేరి పద్ధతులు కొంత మాఱినవి. 1859లో గుంటూరుజిల్లాయే రద్దయి బందరుతోఁ గలసి కృష్ణాజిల్లా యయ్యెను. మరల 1904లోఁ గదా గుంటూరు వేఱుపడినది. గ్రామకరణము మాత్రము తన యరుఁగుమీఁదనే కూర్చుండియుండెను.

ఈ యెల్లియట్టు మన పరిశోధకలోకమునకుఁ గ్రొత్తవాఁడు కాఁడు. అంతకుముందే దక్షిణమహారాష్ట్రప్రాంతమున నుద్యోగము చేయుచు శాసనప్రతులు సేకరించి చాళుక్యులచరిత్ర వ్రాసినవాఁడు. 1845లోనే యమరావతిదిబ్బను ద్రవ్వించి శిల్పములను వెలికిఁదీయించినవాఁడు. ఒక్కయేఁటనే పగలు లెక్కలకల్లలను, దీఱికవేళ శిలలనిజములను బరిశీలించినవాఁ డన్నమాట. శాసనమును గాగితమును నొకత్రాసున దూఁచఁదగిన యవకాశ మతనికిఁ గలిగినట్లు మఱియెవరికిని గలుగలేదు.

ఇఁక మన ప్రకృతమునకు వత్తము. కొండవీటిసీమ కైఫియత్తు లనేకములలో నొక్కటే కథ మరలమరలఁ గనఁబడును. గజపతిసింహాసనస్థుఁడైన గణపతిమహారాజు పాలింపఁగా, నతని ప్రధాని గోపరాజు రామన్న శకము 1067 రక్తాక్షిసంవత్సర భాద్రపదామావాస్యనాఁడు సూర్యగ్రహణపుణ్యకాలమున రాజువలన దానముపట్టి, నియోగులకు గ్రామకరణీకమిరాశీలు నిర్ణయించె ననియు, నప్పు డీ గ్రామమునకు ఫలానాయింటివారు, ఫలానాగోత్రమువారు కరణము లైరనియు దాని సారము. ఊరిపేరు, నింటిపేరు మాఱును. రాజు, ప్రధాని, తిథి మాఱవు.

ఈ తేదిని గొంచెము పరిశీలింతము. రక్తాక్షి 1144–45 క్రీస్తుసంవత్సరమునకు వచ్చును. శకము 1067 వర్తమానవర్షముగాఁ గొన్న నది సరియే. పంచాంగము తెలిసినవాఁడే దీనిఁ గూర్చినాఁడు. కాని కాకతిగణపతిదేవుఁడు రాజ్యమునకు వచ్చినది 1199లో. శకము 1067 నాఁటి కనుమకొండలో నున్నవాఁడు రెండవ ప్రోలరాజు. కొండవీటిచుట్టుపట్ల నేలినవారు వెలనాటిచోడులు. లేఖకుఁ డొక షష్టిచక్రము తప్పె ననుకొని యఱువదియేండ్లు ముందునకు జరిపినచో, 1204–05 రక్తాక్షి గణపతిదేవుని కాలముననే పడును. అప్పటికిని వెలనాటి పృథ్వీశ్వరుని యధికారము ముగియలేదు గనుక నీ సీమ గ్రామములను గాకతీయప్రధాని పంచిపెట్టుట పొసఁగదు. గజపతిసింహాసన మను మాట మఱియొక చిక్కు. ఒడ్డెగజపతులు కొండవీటి నేలినది పదునైదవ శతాబ్దమున. 1515లోఁ గృష్ణదేవరాయలు దానిని గైకొనెను. మూఁడుశతాబ్దముల జ్ఞాపకములు కలసి యొక గ్రహణమునాఁటి కథ యైనవి.

కథ యబద్ధమని తీసివేయుట సులభము. గోపరాజు రామన్న యనువాఁడు లేఁడని నేననను; కరణీకములను నియోగులకుఁ బంచిన నిజమైన ఘట్ట మొకటి యీ కథవెనుక నుండవచ్చును. నేను జూపఁగోరున దొక్కటే. ఇది వట్టి చరిత్రవాక్యము కాదు, హక్కుపత్రము. పదవి వంశక్రమాగత మని 1802 రెగ్యులేషను చెప్పిన పిమ్మట నింటింటి మిరాశియుఁ బ్రాచీనమని చూపుకొనవలసిన యక్కఱ హెచ్చినది. మెకంజీమనుష్యులు వచ్చి, "మీ గ్రామవృత్తాంతమును వ్రాసి యిం"డని కోరిన దా దినములలోనే. 1858లో నినాముకమీషను నెలకొని, మాన్యము లెట్లు వచ్చినవో రుజువు చూపుఁ డనినప్పు డిట్టి కథల విలువ రెట్టించినది. దొరతనమువారి నేలను దమమాన్యమునఁ గలుపుకొన్నవానికి శిస్తులెక్క యెట్టి సాధనమో, కవిలెయు నట్టి సాధనమే.

నా యింటిసంగతి దాఁచుట తగదు. మా మాతామహులవంశము కృష్ణాతీరమున నొక చిన్నయూరికిఁ గరణీకము చేసినది. 1984లో నాంధ్రప్రదేశప్రభుత్వము వంశక్రమాగతమైన యీ యుద్యోగములను రద్దుచేయువఱకు నది మా మేనమామగారియందు నిలిచియుండెను. వారింటి భోషాణములో నొక కవిలెప్రతియు, గొన్ని పాతలెక్కలును దొరకినవి. కవిలెలో యథాప్రకారము శకము 1067, రక్తాక్షి, సూర్యగ్రహణము. మిరాశిమాన్యము రెండుకుచ్చెళ్లు. అదేచేతితో వ్రాసిన లెక్కకాగితమున మాన్యము నాలుగుకుచ్చెళ్లు. మధ్యకాలమున నెవరు దానమిచ్చిరో యెచ్చటను లేదు. ఆ కాగితములు నా చేతి కిచ్చుచు మామగారు, "చదువుకొన్నవాఁడవు, నీకుఁ దెలియనిదేమున్నది నాయనా! ఆ రెండుకుచ్చెళ్ల పంటతోనే మీయమ్మ పెండ్లి చేసినాము" అనిరి. నేను మాటాడలేకపోయితిని. వ్యాకరణము చదువుటకు నాకుఁ బుస్తకములు కొనియిచ్చినదియు నా యిల్లే.

కాని యా కవిలెనే చివరవఱకుఁ జదువఁగా వేఱొకటి తెలిసినది. చెఱువుకట్ట యెచ్చటఁ దెగినదో, యే గట్టునకు నే పేరుండెనో, యే మాల పెద్ద తెగినకట్టకు మొదటితట్ట మన్ను వేసెనో యందు వివరముగా నున్నది. శివాలయమండపమునకు దాతయని కవిలె చెప్పినపేరే గర్భగుడిద్వారముకడ నరిగిన శాసనమునఁ జదువవచ్చును. శాసనమును జదువఁగలిగినవా రూరిలో లేని దినములలో నా వ్రాత వ్రాయఁబడినది. కనుక నది వినికిడిగా నిలిచిన నిజమే. ఈ విషయములలో వ్రాసినవానికి గుంటెడునేల కలిసిరాదు.

దీనికి మన శాస్త్రములలోనే తగిన న్యాయము గలదు. పూర్వమీమాంసలో స్మృతిప్రామాణ్యమును విచారించుచు జైమిని, దృష్టమైన హేతువు కానవచ్చినచోట స్మృతికి వేదమూలకత్వమును గల్పింపరా దనెను. శబరస్వామి చూపిన యుదాహరణము మన పనికి మిక్కిలి యనుకూలము. వైసర్జనహోమమునకుఁ జెందిన వస్త్రమును అధ్వర్యువు గ్రహించునను స్మృతి యొకటి కలదు. యాగద్రవ్య మధ్వర్యుని యింటికిఁ జేరుచున్నది గనుక నా స్మృతికి లోభమే మూల మని తలఁపవలె నని భాష్యకారుని యాశయము. స్మృతులన్నింటిని నాయన త్రోయలేదు. అష్టకాశ్రాద్ధాదులందు నట్టి హేతువు కానరాదు గనుకఁ బ్రమాణమే. ఋత్విజుని విషయమున నింత నిష్పక్షపాతముగా విచారించిన శాస్త్రమును జదువుకొన్నవారము, కరణముల విషయమున సంకోచింప నేల?

కావున గోష్ఠిలో మిత్రు లడిగిన ప్రశ్నకు నా బదు లిది. కైఫియత్తులో మిరాశి, మాన్యము, పాలు, ప్రథమతాంబూలము మొదలగువానినిగూర్చిన వాక్యములను శాసనముగాని, యన్యసాక్ష్యముగాని లేక గ్రహింపరాదు. వరదలు, కఱవులు, గట్లపేళ్లు, పాడుపడినదిబ్బలు, గ్రామదేవతలు, చెఱువులు మొదలగువానినిగూర్చినవానిని బాధకము లేనంతవఱకు గ్రహింపవచ్చును. ఒకయూరి కరణము పొరుగూరికరణమును గూర్చి వ్రాసినది యీ రెండుతెగలకును జేరదు. దానిని మాత్ర మెంత జాగ్రత్తగాఁ జూచినను జాలదు.

ఈ పరీక్ష నొక్కయూరితో ముగింపఁజాలము. గుంటూరు, పలనాడు, కృష్ణా మండలములలో నున్న పండితులును, బాఠశాలోపాధ్యాయులును దమతమ గ్రామముల కైఫియత్తులలో శకము 1067 నాఁటి కథ యున్నదో లేదో చూచి, యున్నచో నందుఁ జెప్పిన మాన్యపుఁ గొలఁతను, నినాముకమీషను చిట్టాలోని కొలఁతను, నూరిలో శాసనమున్నచో దాని పాఠమును వ్రాసి పత్రికాకార్యస్థానమునకుఁ బంపఁ బ్రార్థితులు. మా మాతామహుల గ్రామపుఁ గవిలెకును, రెండుకొలఁతల కాగితములకును బ్రతులను మామగారి యనుమతితో నేనీ వ్యాసముతోడనే పంపుచున్నాను.